మాసబ్‌ట్యాంక్‌లో కాపురం: కిరాయి ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

ఖైరతాబాద్, మాసబ్‌ట్యాంక్, హుమాయూన్‌నగర్, రెడ్‌హిల్స్, బంజారాహిల్స్. జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే కుటుంబాలకు ఈ పేర్లు వినగానే ముందు గుర్తొచ్చేది కిరాయి. "అంత పెట్టి అక్కడెందుకు? అదే డబ్బుకి అత్తాపూర్ దాటితే పెద్ద ఇల్లు వస్తుంది కదా" అని బంధువులు అంటారు. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లను కదిలిస్తే "ఇక్కడి నుంచి వెళ్తే మా వల్ల కాదు" అంటారు.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. మన ఇంటికి ఏది నిజమో తెలియాలంటే కిరాయితో పాటు టైమ్, బడి, ఆస్పత్రి, మసీదు, చుట్టాలు, చివరికి వాటాల లెక్క కూడా వేసుకోవాలి. నడి సిటీలో కాపురం అంటే ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకప్పుడు ఇది ఊరి బయట

ఇవాళ కోట్లు పలుకుతున్న బంజారాహిల్స్ ఒకప్పుడు బండరాళ్ల గుట్ట. బంజారాలు ఉండే చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది. నిజాం కాలంలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకున్నాక మిగతా పెద్దలు కూడా అటు కదిలారు. ఆయనే తర్వాత 1960లో గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నర్ అయ్యారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రి పేరులో ఉన్నదీ ఆయనే.

ఖైరతాబాద్ ఇంకా పాతది. కుతుబ్‌షాహీల కాలం నాటి ఖైరున్నిసా బేగం పేరు మీద వెలిసింది. మాసబ్‌ట్యాంక్ అంటే "మా సాహెబా" చెరువు. అదే జనం నోట్లో నలిగి మాసబ్ అయింది. ఇప్పుడు ఆ చెరువు లేదు, ఫ్లైఓవర్ ఉంది.

ఈ పాత సంగతి ఇప్పటి ధరకు కూడా పనికొస్తుంది. సిటీ నాలుగు వైపులా పెరిగేసరికి ఊరి చివర ఉన్న ఈ ప్రాంతాలు మధ్యలోకి వచ్చాయి. ఖాళీ జాగా పెరగలేదు, ఉండాలనుకునేవాళ్లు మాత్రం పెరుగుతూ పోయారు. ధర అక్కడే పుట్టింది.

కిరాయి లెక్క ఇలా వేయాలి

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. అంకెలు లెక్క కోసం మాత్రమే, ఎవరి అంకెలు వాళ్లు పెట్టుకోవచ్చు. భర్త ఆఫీసు లక్డీకాపూల్‌లో. ఇద్దరు పిల్లలు బడికి వెళ్తారు. అమ్మకు షుగర్, బీపీ. నెలకు రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లాలి.

మాసబ్‌ట్యాంక్‌లో డబుల్ బెడ్‌రూమ్ కిరాయి 32 వేలు, మెయింటెనెన్స్ 4 వేలు. మొత్తం 36 వేలు. శంషాబాద్ వైపు 18 కిలోమీటర్ల దూరంలో అలాంటి ఇల్లే కిరాయి 16 వేలు, మెయింటెనెన్స్ 2 వేలు. మొత్తం 18 వేలు. తేడా నెలకు 18 వేలు. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు.

ఇంకాస్త ముందుకు వెళ్దాం. రోజుకు రానూపోనూ 36 కిలోమీటర్లు. నెలకు 25 రోజులైతే 900 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 ఇస్తే 20 లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే 2,200. పిల్లల బడి సిటీలోనే ఉంటే వ్యానుకు ఒక్కొక్కరికి 3 వేల చొప్పున 6 వేలు. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లే ఆటో ఒక్కసారికి రానూపోనూ 800 అయితే రెండుసార్లకు 1,600. ఈ మూడూ కలిపితే 9,800 రూపాయలు.

అంటే 18 వేల తేడాలో 9,800 రోడ్డు మీదే ఖర్చవుతోంది. అసలు తేడా 8,200 మాత్రమే.

ఇప్పుడు టైమ్. దూరం నుంచి వచ్చే మనిషికి పోవడానికి గంట, రావడానికి గంట. మాసబ్‌ట్యాంక్ నుంచి అయితే పావుగంట, పావుగంట. రోజుకు గంటన్నర మిగిలింది. నెలకు 37 గంటల 30 నిమిషాలు. 8,200 రూపాయలను ఆ గంటలతో భాగిస్తే గంటకు సుమారు 219 రూపాయలు. నడి సిటీలో ఉండే కుటుంబం గంట టైమును ఈ ధరకు కొంటోందన్నమాట.

ఆ గంటను ఏం చేసుకుంటారన్నది ఇంటిని బట్టి ఉంటుంది. తండ్రి మగ్రిబ్‌కి ఇంట్లో ఉండి పిల్లల హోంవర్క్ చూస్తే ఆ 219 దండగ కాదు. తల్లి దగ్గర్లోని బడిలో టీచర్‌గా చేరగలిగితే, లేదా ఇంట్లోనే ట్యూషన్ చెప్పగలిగితే ఆ గంట తిరిగి సంపాదిస్తుంది. గంటన్నర మొత్తం ఫోన్‌లోనే పోతే మాత్రం కిరాయి బరువే మిగులుతుంది.

ఆఫీసు మారితే ఇదే లెక్క తలకిందులవుతుంది. ఉద్యోగం గచ్చిబౌలిలో ఉంటే ఆ మనిషికి మాసబ్‌ట్యాంక్ సెంటర్ కాదు. పొద్దున ఎదురు ట్రాఫిక్, సాయంత్రం మళ్లీ అదే. ఇంట్లో వాళ్లంతా రోజూ ఎటెటు వెళ్తారో ఒక కాగితం మీద రాసుకుని, ఆ దారులన్నీ ఎక్కడ కలుస్తున్నాయో చూడాలి. ఆ కుటుంబానికి సెంటర్ అదే.

దగ్గరగా ఉంటే ఏం దొరుకుతుంది

నడి సిటీలో ఉండేవాళ్లు మొదట చెప్పేది ఆస్పత్రుల సంగతి. చంటిపిల్లలకు నిలోఫర్, కేన్సర్‌కు ఎంఎన్‌జే, పెద్ద రోగాలకు పంజాగుట్టలో నిమ్స్. మూడూ ప్రభుత్వానివే, మూడూ దగ్గరే. రాత్రి రెండింటికి పిల్లాడికి ఆయాసం వస్తే పది నిమిషాల్లో ఆస్పత్రి మెట్ల మీద ఉండటానికి, ముప్పావుగంట బండి మీద కూర్చోవడానికి ఎంత తేడానో ఆ రాత్రి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ప్రభుత్వ పనులూ అంతే. నాంపల్లిలో హజ్ హౌస్, వక్ఫ్ బోర్డు, కోర్టులు, రైల్వే స్టేషన్ ఉన్నాయి. ఒక కాగితం కోసం మూడుసార్లు తిరగాల్సి వచ్చినా సగం రోజు సెలవు పెట్టనక్కర్లేదు.

మాసబ్‌ట్యాంక్‌లో మెట్రో స్టేషన్ లేదు. మియాపూర్–ఎల్బీనగర్ లైన్ మీద లక్డీకాపూల్, ఖైరతాబాద్ స్టేషన్లకు వెళ్లి ఎక్కాలి. బస్సులు మాత్రం మెహదీపట్నం నుంచి అన్ని వైపులకూ ఉంటాయి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. కాలేజీకి వెళ్లే అమ్మాయిలు ఉన్న ఇంటికి ఇది చిన్న మాటేం కాదు.

కూరగాయలకు మెహదీపట్నం రైతుబజార్ ఉంది. మసీదు నడిచి వెళ్లే దూరంలో ఉంటుంది. పెద్దవాళ్లు ఐదు పూటలా తమంతట తామే వెళ్లి రాగలుగుతారు. ఊరి బయట పెద్ద ఇంట్లో కొడుకు బండి తీసేదాకా కూర్చునే అబ్బాజాన్, ఇక్కడ ఫజర్ తర్వాత నలుగురితో చాయ్ తాగి వస్తారు. ఈ సుఖానికి ధర కట్టలేం. వద్దని ఇల్లు మారినవాళ్లు ఎక్కువగా బాధపడేది మాత్రం దీని గురించే.

కనపడకుండా పోయే డబ్బు

ఖరీదైన చోట ఖర్చు ఇంటి గడప దగ్గర ఆగదు. కిందికి దిగితే సూపర్ మార్కెట్, పక్కన బేకరీ, ఎదురుగా మండీ హోటల్. నడిచే దూరంలో ఉన్నది చేతికి త్వరగా అందుతుంది, జేబు కూడా త్వరగా ఖాళీ అవుతుంది. పనిమనిషి జీతం, ఇస్త్రీ, కారు కడిగే అబ్బాయి, అన్నీ ఇక్కడి రేటు ప్రకారమే.

అంతకంటే గట్టిది పిల్లల ద్వారా వచ్చే ఖర్చు. పక్క ఫ్లాటు పిల్లలు ఏ బడికి వెళ్తే మన పిల్లలు అదే అడుగుతారు. పుట్టినరోజు కేకు ఇంట్లో కోస్తే సరిపోయేది, ఇక్కడ హాలు దాకా పోతుంది. జీతం 70 వేలు ఉన్న ఇల్లు రెండు లక్షల ఇళ్ల మధ్య ఉంటే నెలాఖరులో చేబదులు తప్పదు. ఈ ఖర్చును ముందే అనుకుని ఒక గీత గీసుకోకపోతే, పైన లెక్కలో మిగిలిన టైమ్ కూడా అప్పు తీర్చే ఆలోచనల్లోనే పోతుంది.

నీళ్ల సంగతి వేరు. హైదరాబాద్ జలమండలి ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది. పనిచేసే మీటరు ఉండాలి, ఆధార్ కలిపి ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్ల లెక్కన వర్తిస్తుంది. కానీ పాత అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం బోరు ఎండిపోతే ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మెయింటెనెన్స్ ఎంత వచ్చిందో అడగకుండా ఇల్లు ఖాయం చేసుకోకూడదు.

పార్కింగ్ కూడా అంతే. ఒక్క కారు జాగా మీద ఏళ్ల తరబడి మాట్లాడుకోని పక్కింటివాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తారు.

"పేరేంటి సార్?"

తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలకు ఇల్లు వెతకడంలో ఒక ప్రత్యేకమైన అనుభవం ఉంటుంది. టులెట్ బోర్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే మాట చక్కగా సాగుతుంది. యాస విని "మీది గుంటూరా, మాది తెనాలండీ" అని ఓనర్ సంబరపడతారు. రేపు వచ్చి చూడమంటారు. చివర్లో "పేరేంటి సార్?" అని అడుగుతారు. పేరు చెప్పాక కాసేపు మాట ఉండదు. తర్వాత "మా ఆవిడ వేరేవాళ్లకి మాటిచ్చేసిందంట అండీ" అని వస్తుంది. కొందరు నాన్‌వెజ్ పేరు పెడతారు. ఆ వీధిలోనే చికెన్ సెంటర్ ఉన్నా సరే.

ఇటు మన మహల్లాలకు వస్తే ఇంకో చిక్కు. కర్నూలు, ఖమ్మం నుంచి వచ్చినవాళ్ల ఉర్దూ విని "ఆప్ లోగా ఆంధ్రా కే హై క్యా" అని అడుగుతారు. అడ్డుపెట్టరు, కానీ కలవడానికి టైమ్ పడుతుంది. పిల్లలు మాత్రం ఆరు నెలల్లో రెండు యాసలూ పట్టేస్తారు.

ప్రైవేటు ఓనర్ మతాన్ని చూసి కిరాయికి ఇవ్వనంటే నేరుగా ఆపే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రభుత్వం వివక్ష చూపకూడదంటుంది. దుకాణాలు, హోటళ్లు, బావుల్లాంటి చోట్ల అడ్డగించకూడదంటుంది. సొంతింటి కిరాయి దాని కింద నేరుగా రాదు. ఒక మతంవాళ్లకే సభ్యత్వం ఇచ్చే హౌసింగ్ సొసైటీ నిబంధన చెల్లుతుందని 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

దీని ఫలితం ధర మీద కూడా పడుతుంది. పది వీధుల్లో వెతకాల్సిన కుటుంబం మూడు వీధుల్లోనే వెతుకుతుంది. మాసబ్‌ట్యాంక్, హుమాయూన్‌నగర్, విజయనగర్ కాలనీ, మల్లేపల్లి, టోలిచౌకి. అందరూ అక్కడికే వస్తే ఓనర్ అడిగిందే కిరాయి. తలుపు మూసుకున్న ప్రతి ఇంటి ఖరీదు, తెరుచుకున్న ఇంటి కిరాయిలో కలుస్తుంది.

సొంతిల్లు ఉన్నవాళ్లకూ నిద్ర లేదు

నడి సిటీలో తాతల నాటి ఇల్లు ఉంటే అదృష్టం అంటారు. నిజమే. కానీ ఇంటి విలువ కోట్లలో, చేతికొచ్చేది పెన్షన్ అయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పైకప్పు కురుస్తుంది, బాగు చేయించడానికి డబ్బుండదు.

అసలు సమస్య ఇంటి పెద్ద కాలం చేశాక మొదలవుతుంది. 200 గజాల ఇల్లు, విలువ 3 కోట్లు అనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. అప్పులు, వసియ్యత్ లేవు, ఆయన తల్లిదండ్రులు ముందే పోయారు. షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, 37 లక్షల 50 వేలు. మిగిలింది 2 కోట్ల 62 లక్షల 50 వేలు. ఒక్కో కొడుక్కి 87 లక్షల 50 వేలు, ఒక్కో కూతురికి 43 లక్షల 75 వేలు.

పెద్దకొడుకు ఆ ఇంట్లోనే ఉండాలనుకుంటే మిగతావాళ్లకు 2 కోట్ల 12 లక్షల 50 వేలు ఇవ్వాలి. ఉద్యోగం చేసుకునే మనిషి ఎక్కడి నుంచి తెస్తాడు? అందుకే ఇల్లు అమ్మకానికి వస్తుంది. లేదంటే చెల్లెళ్ల వాటా మాట ఎత్తకుండా ఏళ్లు గడిపేస్తారు. "అన్నయ్య ఉంటున్నాడు కదా" అని చెల్లెళ్లు మొహమాటపడతారు. ధర పెరిగేకొద్దీ ఆ మౌనం ఖరీదు కూడా పెరుగుతుంది. చివరికి మనవళ్ల కాలంలో పదిహేను మంది సంతకాలు కావాల్సి వస్తుంది, అందులో ముగ్గురు అమెరికాలో, ఇద్దరు జెద్దాలో ఉంటారు.

పెద్దలు ఉండగానే కూర్చుని మాట్లాడుకోవడం, పోయాక ఆలస్యం చేయకుండా వాటాలు రాతలో పెట్టుకోవడం ఒక్కటే దారి. అందరి డబ్బూ ఒకేసారి ఇవ్వలేకపోతే వాయిదాలు రాసుకోవచ్చు. వాటా మాత్రం అదే రోజు తేలాలి.

బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చే దారి కూడా ఉంది. జాగా మనది, కట్టుబడి వాళ్లది, ఫ్లాట్లు పంచుకుంటారు. వారసులు నలుగురైతే తలా ఒక ఫ్లాటు వచ్చి కుటుంబం అక్కడే నిలబడవచ్చు. కానీ ఎన్ని నెలల్లో ఇస్తారు, కట్టేదాకా మన కిరాయి ఎవరు కడతారు, ఆలస్యమైతే ఎంత ఇస్తారు అన్నవి రిజిస్టర్ అయిన అగ్రిమెంట్‌లో ఉండాలి. జాగా 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరాలో నమోదు తప్పనిసరి.

కొనాలనుకునేవాళ్లకు

ఒకటిన్నర కోటి ఫ్లాటు కొంటే తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. అంటే 11 లక్షల 25 వేలు. ఇంకా కడుతున్న ఫ్లాటు అయితే జీఎస్టీ 5 శాతం అదనం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు.

అందులో కోటి బ్యాంకు అప్పు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే నెల వాయిదా సుమారు 86,800. మొత్తం కట్టేది దాదాపు 2 కోట్ల 8 లక్షలు. తీసుకున్న అసలు కంటే వడ్డీయే ఎక్కువ. అదే ఫ్లాటుకు నెలకు 40 వేలు కిరాయి వస్తే ఏడాదికి 4 లక్షల 80 వేలు, పెట్టిన ధరలో 3.2 శాతం. వడ్డీ వద్దనుకునే కుటుంబం, కిరాయి ఇల్లు అవమానం అనుకోవాల్సిన పని లేదని ఈ అంకెలే చెబుతాయి. కిరాయికి ఉంటూ, మిగిలింది కూడబెట్టి, ఊరి చివర చిన్న ప్లాటు నగదుతో కొనుక్కున్నవాళ్లు ఉన్నారు.

నడి సిటీలో కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఇక్కడ వక్ఫ్ భూములు, ప్రభుత్వ భూములు ఎక్కువ. లింక్ డాక్యుమెంట్లు, ఈసీతో పాటు ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో గానీ, వక్ఫ్ గెజిట్‌లో గానీ ఉందేమో చూసుకోవాలి.

అదే హిల్స్, వేరే బతుకు

బంజారాహిల్స్ అంటే అద్దాల మేడలే అనుకుంటే సగమే చూసినట్టు. జెహ్రానగర్, నూర్‌నగర్, సింగాడికుంట లాంటి బస్తీలు ఆ మేడల వెనకే ఉన్నాయి. ఆ మేడల్లో వంట చేసేవాళ్లు, కార్లు నడిపేవాళ్లు, పిల్లలను చూసుకునేవాళ్లు ఉండేది అక్కడే.

వాళ్లకు నడి సిటీ అంటే పని. నాలుగిళ్లలో పనిచేసే మనిషికి ఊరి బయట ఇల్లు ఎంత చవకైనా పనికిరాదు. రెండు గంటలు బస్సులో పోతే రెండిళ్ల పని పోయినట్టే. అందుకే ఒక్క గదిలో ఐదుగురు సర్దుకుంటారు. చుట్టుపక్కల ధర పెరిగితే వాళ్ల గది కిరాయి కూడా పెరుగుతుంది, జీతం మాత్రం అంత త్వరగా పెరగదు. చాలామందికి పట్టా భయం కూడా ఉంది. 2014 జూన్ 2కు ముందు నుంచి ప్రభుత్వ జాగాలో ఇల్లు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరించేందుకు 2014 డిసెంబర్‌లో జీవో 58 వచ్చింది. ఆ పట్టా చేతికి అందిన ఇంటికి, అందని ఇంటికి మధ్య గోడ ఒక్కటే ఉంటుంది. నిశ్చింతలో మాత్రం ఎంతో తేడా.

అగ్రిమెంట్‌కు ముందు అడగాల్సినవి

హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల కిరాయి అడ్వాన్స్ అడుగుతారు. బ్రోకర్ ఒక నెల కిరాయి తీసుకుంటాడు. అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, రుజువు ఉంటుంది.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకే రాస్తారు. బడి మధ్యలో ఇల్లు మారకూడదనుకుంటే రెండు మూడేళ్లకు రాయించుకుని రిజిస్టర్ చేయించుకోవడమే మేలు. ఏటా కిరాయి ఎంత శాతం పెరుగుతుందో, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, పెయింటింగ్ పేరుతో అడ్వాన్స్‌లో ఎంత కోస్తారో రాతలో ఉండాలి. మెయింటెనెన్స్‌లో జనరేటర్, లిఫ్ట్, నీళ్లు, పార్కింగ్ ఉన్నాయో లేవో విడివిడిగా అడగాలి. కిరాయి నెలకు 50 వేలు దాటితే, కిరాయిదారే 2 శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఇది తెలియక నోటీసులు అందుకునేవాళ్లున్నారు.

ఇల్లు చూడటానికి ఆదివారం పగలు కాకుండా, పనిరోజు సాయంత్రం ఏడింటికి ఒకసారి, ఉదయం బడి టైముకు ఒకసారి వెళ్లాలి. ట్రాఫిక్, హారన్లు, నీళ్లు వచ్చే వేళ, పార్కింగ్ గొడవ, అన్నీ అప్పుడే తెలుస్తాయి. వాచ్‌మన్‌తో ఐదు నిమిషాలు మాట్లాడితే బ్రోకర్ చెప్పని సంగతులు బయటికొస్తాయి.

మొత్తం కిరాయి, మెయింటెనెన్స్ కలిపి ఇంటి ఆదాయంలో మూడో వంతు దాటుతుంటే మాత్రం ఎంత దగ్గరైనా ఆగి ఆలోచించాలి. పిల్లలు చిన్నగా ఉన్న ఐదారేళ్లు, లేదా పెద్దవాళ్లకు ఆస్పత్రి అవసరం ఉన్నన్నాళ్లు నడి సిటీలో ఉండి, తర్వాత బయటికి వెళ్లిపోయే కుటుంబాలు ఉన్నాయి. అలా వెళ్లడం ఓడిపోవడం కాదు. ఏ అవసరం కోసం ఆ కిరాయి కడుతున్నామో ఇంట్లో అందరికీ తెలిసి ఉంటే, అది తీరిన రోజు ఇల్లు మారడం కష్టం అనిపించదు.